స్టీరింగ్ ఎప్పుడు అదురుతోంది? అది తెలుసుకోకుండా షెడ్డుకు పోవద్దు



పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు పెట్టిన మెసేజు మీరందరూ చూసే ఉంటారు. పదిహేనేళ్ల నాటి చిన్న కారు. తిరువళ్ళూరు దాటి కనకమ్మసత్రం వైపు పోతుంటే స్టీరింగ్ చేతిలో వణుకుతోంది, ఏం చేయాలి అని రెండే వాక్యాలు రాశాడు. సాయంత్రానికి జవాబులు వరుస కట్టాయి. అలైన్‌మెంట్ చేయించు అన్నారు ఒకరు. నాలుగు టైర్లూ మార్చేయి అన్నారు ఇంకొకరు. స్టీరింగ్ ర్యాక్ పోయింటుంది అని ఒక బావగారు ఏకంగా తీర్పే చెప్పేశారు. పాత బండి అంటే అంతే, అమ్మి పారెయ్ అన్నవాళ్లూ ఉన్నారు. ఇంతమంది పెద్దమనుషుల్లో ఒక్కరు కూడా ఆ అబ్బాయిని ఎదురు ప్రశ్న అడగలేదు: ఎప్పుడు వణుకుతోంది నాయనా?

ఈ పోస్టు ఆ ప్రశ్న గురించే. కొంచెం పొడుగు అవుతుంది. కాఫీ పెట్టుకొని కూర్చోండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన పాత కార్ల మీద మనం పెట్టే డబ్బులో చాలా భాగం రిపేరుకు కాదు, ఊహకు పోతోంది. ఒక సామాను మారుస్తాం, వణుకు పోదు. రెండోది మారుస్తాం, అప్పుడూ పోదు. మూడోది మార్చాక పోతుంది. అంటే మొదటి రెండూ బాగున్న సామాన్లే, పాత ఇనుము వాడికి పోయాయి. దీనికంటే ప్రమాదమైన అలవాటు ఇంకోటి ఉంది. "పాత బండి కదా, అట్లనే ఉంటుందిలే" అని ఆ వణుకుకు చేతులు అలవాటు చేసుకొని, ఇంట్లో ముసలివాళ్లనూ పిలకాయలనూ ఎక్కించుకొని తిరుపతికి బయల్దేరడం. డబ్బు పోయేదీ, ప్రాణం మీదికి వచ్చేదీ రెండూ ఒకే చోట మొదలవుతున్నాయి. బండి ఏం చెబుతోందో మనం వినడం లేదు.

నేను మెకానిక్‌ను కాను. రైల్వేలో గుమాస్తాగా కాగితాల మధ్య బతికి రిటైరైనవాణ్ణి. కానీ ఆ కాగితాల వల్లే ఒక సంగతి బాగా తెలుసు. రైలు నడిపే డ్రైవరు "బండి ఊగింది" అని చెప్పి ఊరుకోడానికి లేదు. ఏ కిలోమీటరు రాయి దగ్గర, ఎంత వేగంలో, ఏ లైనులో అని చెప్పాలి. అది చెబితేనే పట్టాల పని చూసేవాళ్లు సరిగ్గా ఆ చోటికి పోయి చూస్తారు. లేకపోతే అరక్కోణం నుంచి రేణిగుంట దాకా ఎక్కడని వెతుకుతారు? పాత రోజుల్లో బండి స్టేషన్లో ఆగగానే క్యారేజీ వాళ్లు పొడుగు పిడి సుత్తితో ఒక్కో చక్రాన్నీ కొట్టుకుంటూ పోవడం మన వయసు వాళ్లు చూసే ఉంటారు. బాగున్న చక్రం గంటలాగా మోగుతుంది, పగులు ఉన్న చక్రం డొక్కుగా పలుకుతుంది. విప్పకుండా, మార్చకుండా, ముందు చెవితో పరీక్ష. నేను అడిగేదీ అంతే.

ఇందులో మనకు మాత్రమే ఉన్న ఇబ్బంది ఒకటుంది. ఇంట్లో మనం మాట్లాడేది తెలుగు. మనలో చాలామందికి బడిలో చదివింది తమిళం, షెడ్డులో మాట్లాడేదీ తమిళమే. మెకానిక్ దగ్గరికి పోయి "వండి ఆడుదుప్పా" అంటాం. ఆ ఒక్క మాటలో అన్ని రోగాలూ కలిసిపోతాయి. మా అమ్మ తెలుగులో వీటికి వేరువేరు మాటలుండేవి. చేతికి సన్నగా, ఆగకుండా తగిలేది అదురు. స్టీరింగ్ చక్రం కుడికీ ఎడమకూ కొట్టుకుంటే వణుకు. బండి మొత్తం పడవలాగా పోతే ఊగడం. గుంతలో ఒక్కసారి తగిలేది కుదుపు. ఏదో వదులైపోయి చప్పుడు చేస్తే లొడలొడ. తమిళంలో మాత్రం లేవా? అదిరుదు, ఉదరుదు, ఆడుదు, కులుంగుదు అని నాలుగు చక్కటి మాటలున్నాయి. మెకానిక్ తంబికి "ఎనభైలో స్టీరింగ్ ఉదరుదు" అంటే ఒక అర్థం, "నిలబెట్టినప్పుడు వండి మొత్తం అదిరుదు" అంటే పూర్తిగా వేరే అర్థం. ఏ భాషలో అయినా సరే, సరైన మాట వాడితే సగం పని అక్కడే అయిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఎక్కువమందికి వచ్చేది వేగంతో వచ్చే వణుకు కాబట్టి దాన్నే వివరంగా రాస్తాను.

అరవై దాకా బండి బంగారంలాగా పోతుంది. డెబ్బై దాటగానే స్టీరింగ్‌లో సన్నగా మొదలై, ఎనభై, తొంభై మధ్య బాగా ఎక్కువవుతుంది. ఇంకా పైకి పోతే ఒక్కోసారి తగ్గినట్టు కూడా ఉంటుంది. బ్రేకు తొక్కినా తొక్కకపోయినా ఒకటే తీరు. ఇట్లా ఉంటే మొదట అనుమానించాల్సింది చక్రాల బ్యాలెన్సును. రిమ్ము అంచుకు చిన్న చిన్న బరువు ముక్కలు కొట్టి ఉంటాయి చూడండి, అందులో ఒకటి ఊడిపోయినా చాలు.

ఇంత చిన్న ముక్కకు అంత శక్తి ఎక్కడిది అని అడుగుతారు. గుమాస్తా బుద్ధి, లెక్క వేసి చూడకపోతే నిద్ర పట్టదు. 12 అంగుళాల రిమ్ము ఉన్న చిన్న కారు గంటకు 80 కిలోమీటర్ల వేగంలో పోతుంటే చక్రం సెకనుకు సుమారు 13, 14 సార్లు తిరుగుతుంది. రిమ్ము అంచున 30 గ్రాముల తేడా ఉంటే, ఆ వేగంలో అది చక్రాన్ని మూడు కిలోలకు పైగా బరువు కట్టి లాగినట్టు లాగుతుంది. అదీ ఒక్క దిక్కుకు కాదు, పైకీ కిందికీ ముందుకీ వెనక్కీ, సెకనుకు 13 సార్లు. వేగం సగానికి తగ్గితే ఈ లాగుడు సగం కాదు, పావు వంతు అవుతుంది. అందుకే నలభైలో మీకు ఏమీ తెలియదు. టౌనులో ఒక చుట్టు తిప్పి చూసి "బండి బాగానే ఉందే" అనే మెకానిక్‌ను తప్పు పట్టలేం. అతను ఎనభైలో నడపలేదు.

మరి వేగం ఇంకా పెరిగితే తగ్గినట్టు ఎందుకు ఉంటుంది? పిల్లను ఉయ్యాలలో వేసి ఊపేటప్పుడు చూడండి. ఉయ్యాల మన దగ్గరికి వచ్చిన క్షణంలోనే చిన్నగా తోస్తే అది ఎంత దూరమైనా పోతుంది. ముందో వెనకో తోస్తే ఊపు చచ్చిపోతుంది. కారు ముందు భాగానికీ, స్టీరింగుకూ అట్లాంటి సొంత ఊపు ఒకటుంది. చక్రం తోసే వేగం ఆ ఊపుతో కలిసినప్పుడు వణుకు పెద్దదవుతుంది, దాటిపోతే తగ్గుతుంది. ఇది మన పాత బండ్ల రోగం మాత్రమే కాదు. 1920లలో మెత్తటి లావు టైర్లూ, ముందు చక్రాలకు బ్రేకులూ కొత్తగా వచ్చినప్పుడు పెద్ద దేశాల ఇంజనీర్లే దీనితో తల పట్టుకున్నారు. భుజాలు ఊపుతూ ఆడే ఒక డ్యాన్సు పేరు తీసుకొని దీనికి షిమ్మీ అని పేరు పెట్టారు. ముందు రెండు చక్రాలూ ఒకే ఇరుసు మీద కాకుండా దేనికది విడిగా ఆడే ఏర్పాటు రావడానికి ఈ గొడవ కూడా ఒక కారణం.

బ్యాలెన్సింగుకు పోయే ముందు పైసా ఖర్చు లేని పని ఒకటుంది. చక్రాల లోపలి వైపు చూడండి. బయటి వైపు కాదు, లోపలి వైపు. వానాకాలంలో పళ్లిపట్టు వైపో, ఆర్.కె. పేట వైపో పల్లెల్లోకి పోయి వచ్చాక రిమ్ము లోపల బురద ముద్ద కట్టి ఎండిపోయి ఉంటుంది. అది 30 గ్రాములు కాదు, అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. మా బంధువుల కారు ఒకటి ఇట్లానే వణికితే ఒక షెడ్డులో ర్యాక్ అసెంబ్లీ మొత్తం మార్చాలని లిస్టు రాసి ఇచ్చారు. చక్రాలు విప్పి చూస్తే రెండింటిలోనూ పొలం మట్టి. గోకి, నీళ్లతో కడిగి బిగిస్తే వణుకు పోయింది. ఆ లిస్టు ఇప్పటికీ నా ఫైల్లో ఉంది, కావాల్సినవాళ్లు వచ్చి చూడవచ్చు.

అదే సమయంలో చక్రం నట్లు కూడా చూసుకోండి. పంక్చరు వేయించిన మరుసటి రోజే వణుకు మొదలైతే అనుమానం అక్కడే. నట్లు వరుసగా ఒక పక్క నుంచి బిగించకూడదు, ఎదురెదురుగా బిగించాలి. చక్రం తీసి పెట్టిన ప్రతిసారీ, కొంచెం దూరం నడిపాక మళ్లీ ఒకసారి చూడాలి. వదులు నట్లతో పోయే బండి వణకడమే కాదు, చక్రాన్నే వదిలేస్తుంది.

ఇక టైరు సంగతి. ఇక్కడ మన ఇళ్ల పరిస్థితి కొంచెం చెప్పాలి. పిలకాయలు చెన్నైలోనో బెంగళూరులోనో విదేశాల్లోనో ఉంటారు. కొత్త కారు వాళ్లకు, పాత కారు నాన్నకు. ఆ కారు నెలలో ఇరవై ఎనిమిది రోజులు వేపచెట్టు కింద నిలబడి ఉంటుంది. అమావాస్యకు తిరువళ్ళూరు వీరరాఘవస్వామి గుడికి, లేదంటే ఏదో పెళ్లికి బయటికి వస్తుంది. ఇట్లా నిలబడిన బండికి టైరు నేలకు ఆనిన చోట చదునవుతుంది. బయల్దేరగానే తడతడమని కొట్టుకుంటుంది. పది, పదిహేను కిలోమీటర్లు పోయి టైరు వేడెక్కాక అదురు పోతే భయం లేదు. వారానికి ఒకసారి బండి కదిలించండి, గాలి సరిగ్గా పెట్టించండి, చాలు. పోకపోతే టైరు లోపలే ఏదో అయింది.

ముప్పై, నలభైలోనే స్టీరింగ్ మెల్లగా ఎడమకూ కుడికీ ఊగుతుంటే అది బ్యాలెన్సు కాదు. టైరు గుండ్రం చెడింది, లేదా లోపలి పొరలు విడిపోతున్నాయి, లేదా గుంతలో పడి రిమ్ము వంగింది. జాకీ ఎత్తి చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఒక పుల్లను అంచుకు దగ్గరగా పట్టుకోండి. పుల్లకూ టైరుకూ మధ్య సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటే కంటికే తెలిసిపోతుంది. పక్కన బుడిపె లాగా ఉబ్బి ఉందా అని తడిమి చూడండి. ఉబ్బు ఉంటే ఇంకేమీ ఆలోచించకండి, ఆ టైరుతో హైవే ఎక్కకండి. బ్యాలెన్సింగ్ మిషన్ మీద ఆ టైరుకు కూడా బరువులు కొట్టి సున్నా చూపిస్తారు. సున్నా వచ్చినంత మాత్రాన గుండ్రం రాదు.

టైరు పక్కన గీతలు బాగా ఉన్నాయి కదా, ఇంకా అరగలేదు కదా అంటారు. నెలకు వంద కిలోమీటర్లు తిరిగే కారుకు గీతలు ఎప్పుడు అరుగుతాయి? రబ్బరుకు వయసుంది. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెల నంబరు ఉంటుంది. 2316 అని ఉంటే 2016వ సంవత్సరం 23వ వారంలో తయారైంది అని అర్థం. అయిదేళ్లు దాటిన టైరును ఏటా పరీక్ష చేయించాలి, పదేళ్లు దాటితే ఎంత కొత్తగా కనిపించినా తీసేయాలి అని టైరు కంపెనీల వాళ్లే చెబుతారు. మన ఎండలు తెలిసినవే కదా. నేనైతే పదేళ్ల దాకా ఆగను.

టైరా, లేక లోపలి సామానా అని తేల్చుకోవడానికి ఇంకో ఉచిత పరీక్ష. ముందు చక్రాలను వెనక్కి, వెనక వాటిని ముందుకు మార్చి అదే రోడ్డులో అదే వేగంలో పోండి. వణుకు స్టీరింగులో నుంచి పోయి సీటు కిందికి వచ్చిందంటే దోషం చక్రానిదే, దానితోపాటే వెనక్కి పోయింది. స్టీరింగులోనే ఉండిపోతే చక్రం నిర్దోషి. ముందు చక్రాల దోషం చేతికి తగులుతుంది, వెనక చక్రాలది నడుముకు తగులుతుంది. ఇది గుర్తుంచుకోండి.

ఇప్పుడు అలైన్‌మెంట్ గురించి. ఇక్కడ కొందరికి కోపం వచ్చినా సరే చెప్పాలి. మన గ్రూపులో ఏ కారు రోగానికైనా మొదటి మందు అలైన్‌మెంటే. అలైన్‌మెంట్ చెడితే బండి ఒక పక్కకు లాగుతుంది, స్టీరింగ్ నేరుగా నిలబడదు, టైరు ఒక అంచున అరుగుతుంది. ఎనభైలో వచ్చే వణుకును అలైన్‌మెంట్ పోగొట్టదు. పోయింది అని మీలో ఎవరైనా అంటే, అదే రోజు వాళ్లు బ్యాలెన్సింగ్ కూడా చేసి ఉంటారు, బిల్లు తీసి చూడండి. ఇంకో సంగతి, అలైన్‌మెంట్ చిట్టచివర చేయాల్సిన పని. ముందే చేయించి, తరువాత వారం టై రాడ్ ఎండ్ మారిస్తే ఆ అలైన్‌మెంట్ డబ్బు నీళ్లలో పోసినట్టే, మళ్లీ చేయించాలి. వరుస తప్పితే ఒకే పనికి రెండు బిల్లులు.

బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వణికితే అది వేరే కథ. మామూలుగా పోయేటప్పుడు ఏమీ లేదు, బ్రేకు మీద కాలు పెట్టగానే స్టీరింగ్ కొట్టుకుంటుంది, పెడలు కూడా కాలి కింద ఎగిరెగిరి పడుతుంది. ముందు డిస్కు మందం ఒక్కో చోట ఒక్కో తీరుగా ఉంది, లేదా వంగింది. దీనికి టైర్లు మార్చినా, బ్యాలెన్సు చేసినా లాభం లేదు. తిరుమల ఘాటు దిగేటప్పుడు కింది గేరు వేయకుండా కొండ పైనుంచి కింది దాకా బ్రేకు మీదే కాలు పెట్టి వచ్చేవాళ్లకు ఇది ఎక్కువ. తిరుత్తణి కొండ చిన్నదే అయినా, పండగ రోజున బండ్ల వరుసలో అడుగడుగునా బ్రేకు తొక్కుతూ దిగితే డిస్కు కాలిపోతుంది. అట్లా కాలిన డిస్కు మీద కింద పైపు పెట్టి నీళ్లు కొట్టి కడిగేవాళ్లను చూశాను. వేడి పెనం మీద నీళ్లు చల్లితే ఏమవుతుందో మన ఇళ్లలో ఆడవాళ్లను అడగండి. చల్లారనివ్వండి, తరువాత కడగండి.

మిగతా రెండింటినీ త్వరగా చెప్పేస్తాను. బండి నిలబడి ఇంజను తిరుగుతుంటేనే అదురుతోందంటే చక్రాల జోలికి పోవద్దు, ఇంజను మౌంటింగ్ రబ్బర్లో, ఇంజను సరిగ్గా మండకపోవడమో. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు మాత్రమే అదిరి, కాలు తీయగానే పోతే డ్రైవ్ షాఫ్టు లోపలి జాయింటును అనుమానించాలి. బాగా మలుపు తిప్పినప్పుడు టకటక అంటే బయటి జాయింటు. ఈ రెండు రకాలనూ చక్రాల వణుకు నుంచి వేరు చేయడానికి తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు వణుకు వచ్చే వేగానికి పోయి, క్లచ్చు తొక్కి బండిని దానంతట అది పోనివ్వండి. వణుకు అట్లనే ఉంటే చక్రాల వైపు, ఆగిపోతే ఇంజను వైపు. ఇంజను మాత్రం ఆపకండి. ఆపితే బ్రేకు బిగుసుకుపోతుంది, తాళం లాగితే స్టీరింగ్ కూడా పట్టేస్తుంది. హూ అని ఊళ వేసినట్టు వేగంతోపాటు పెరిగే చప్పుడు, బండి ఒక పక్కకు తిరిగితే మారుతుంటే, అది వీల్ బేరింగు.

ఇక నేను నిజంగా భయపడే రకానికి వచ్చాను. వణుకు పెద్దగా ఉండదు. స్టీరింగ్ కొంచెం వదులుగా, ఒక వేలెడు తిప్పినా బండి తిరగనట్టు ఉంటుంది. స్పీడు బ్రేకర్ ఎక్కి దిగేటప్పుడు ముందు చక్రం దగ్గర లొడక్ అని ఒక చప్పుడు. గుంత తగిలాక స్టీరింగ్ నాలుగైదు సార్లు కొట్టుకొని సర్దుకుంటుంది. ఇది టై రాడ్ ఎండ్, లేదా కింది ఆర్మ్ బాల్ జాయింట్, లేదా బుష్షులు. మన చిన్నప్పటి అంబాసిడర్, ఫియట్ బండ్లకు సర్వీసులో గ్రీజు గన్ను పెట్టి కీళ్లన్నిటికీ గ్రీజు ఎక్కించేవాళ్లు. ఇప్పటి బండ్ల కీళ్లకు రబ్బరు బూటు కప్పి సీలు వేసి ఉంటుంది. ఆ బూటు చిరిగిందంటే దుమ్మూ నీళ్లూ లోపలికి పోయి కీలు తినేస్తుంది. బాల్ జాయింటు పూర్తిగా ఊడితే చక్రం బండి కిందికి మడుచుకుపోతుంది. టై రాడ్ ఊడితే మీ చేతిలో స్టీరింగ్ ఉంటుంది, చక్రం మీ మాట వినదు. చక్రం బ్యాలెన్సు లేకపోతే విసుగు, ఇది లేకపోతే ప్రాణం. విచిత్రం ఏమిటంటే, పెద్దగా వణికే బ్యాలెన్సుకు భయపడి వేలు ఖర్చు పెడతాం, చిన్నగా లొడక్ అనే దీన్ని ఏళ్ల తరబడి మోసుకుతిరుగుతాం.

దీనికి పరీక్ష సులువు, కానీ ఇద్దరు ఉండాలి. మెకానిక్ షెడ్డులోనే, కింద స్టాండు పెట్టి చేయించండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి ఎవరూ బండి కిందికి తల పెట్టకండి. ఎత్తిన చక్రాన్ని గడియారంలో 12, 6 ఉండే చోట్ల పట్టుకొని ముందుకూ వెనక్కీ ఆడించాలి. ఆడితే బేరింగో బాల్ జాయింటో. 3, 9 దగ్గర పట్టుకొని ఆడిస్తే వదులు తెలిస్తే టై రాడ్ వైపు. ఒకరు ఆడిస్తుంటే ఇంకొకరు టార్చి వేసి ఏ కీలు దగ్గర కదులుతోందో చూడాలి. రెండు నిమిషాల పని. ఇది చేయకుండా "ర్యాక్ పోయింది సార్" అంటే ఒప్పుకోకండి.

కొందరు అంటారు, ఇంత మనమెందుకు చూడాలి, మెకానిక్‌కు తెలియదా అని. తెలుసు. మన తిరువళ్ళూరు, తిరుత్తణి షెడ్లలో నలభై ఏళ్లుగా బండ్లు విప్పి బిగించిన చేతులున్నాయి, వాళ్ల మీద నాకు గౌరవమే. కానీ ఆయన దగ్గర ఆ పూట పది బండ్లు ఉంటాయి. మీ బండి కనకమ్మసత్రం దగ్గర ఎనభైలో ఏం చేసిందో ఆయనకు తెలియదు, మీకే తెలుసు. ఆ సాక్ష్యం మీరు ఇవ్వకపోతే ఆయన అనుభవంతో ఊహిస్తాడు, ఊహ తప్పితే ఖర్చు మీది. రైల్వేలో ఏదైనా జరిగితే రెండు మూడు డిపార్ట్‌మెంట్ల వాళ్లు కలిసి అక్కడికక్కడే చూసి ఒకే కాగితం మీద సంతకాలు పెడతారు, దాన్ని జాయింట్ నోట్ అంటారు. కారు దగ్గర కూడా అట్లనే చేయండి. ఎంత వేగంలో, బ్రేకుతోనా కాదా, చేతికా నడుముకా, బండి చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఏ రిపేరు తరువాత మొదలైంది: ఇవి ఒక చీటీ మీద రాసి ఇచ్చి, ఆయనను పక్కన కూర్చోబెట్టుకొని ఒకసారి నడిపి చూపించండి. మార్చిన పాత సామాను చేతికి ఇమ్మనండి. మంచి మెకానిక్ దీనికి కోపపడడు, సంతోషపడతాడు. కోపపడేవాడైతే మీకు వేరే షెడ్డు కావాలి.

ఆర్‌సీ రెన్యువల్ చేయించాం, ఎఫ్‌సీ అయింది, ఇంకా అయిదేళ్లు భయం లేదు అనే మాట కూడా వింటున్నాను. పదిహేనేళ్ల తరువాత మన సొంత బండికి అయిదేళ్ల రెన్యువల్ వస్తుంది, నిజమే. ఆ రోజు ఆఫీసు ముందు నిలబెట్టి చూసిన బండి రెండేళ్ల తరువాత హైవేలో ఎట్లా ఉంటుందో ఆ కాగితం చెప్పదు. కాగితాల మీద నాకున్నంత గౌరవం మీలో ఎవరికీ ఉండదు. అయినా చెబుతున్నాను.

అమ్మేయమనే వాళ్లకు ఒక్క మాట. పెన్షన్ మీద బతికేవాడికి కొత్త కారు వాయిదా కంటే నాలుగు మంచి టైర్లూ, రెండు బాల్ జాయింట్లూ చాలా చవక. పాత కారు ప్రమాదం కాదు, చూసుకోని కారు ప్రమాదం. వణుకు తేల్చకుండా అమ్మితే ఆ వణుకు ఇంకో ఇంటి పిల్లల కిందికి పోతుంది, అంతే.

ఈ సంగతి మన సంఘంలోనే ఎందుకు రాస్తున్నానంటే, 1960 ఏప్రిల్ 1 దాకా మన తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లాలో ఉండింది. గీత మారింది కానీ చుట్టరికాలు మారలేదు. మన పెళ్లిళ్లు, కర్మలు, మొక్కులు అన్నీ నగరి, పుత్తూరు, తిరుపతి వైపే. మన పాత కార్లు పగలంతా చెట్టు కింద ఉన్నా, బయటికి తీసినప్పుడు మాత్రం నేరుగా హైవే ఎక్కుతాయి, నిండా మనుషులతో, లారీల మధ్య. ఊరి సందుల్లో తిరిగే బండికి వణుకు కనపడదు, హైవేలోనే కనపడుతుంది.

ఆడికృత్తిక వస్తోంది. ఆ వారంలో మన ఇళ్లకు చుట్టాలు వస్తారు, ప్రతి కారూ కదులుతుంది. కాబట్టి ఒక కోరిక. ఈ పోస్టు కింద లైకులూ దండాలూ వద్దు. రేపు పొద్దున బండి దగ్గరికి పోయి, నాలుగు టైర్ల మీద ఉన్న నాలుగేసి అంకెలు చూసి ఇక్కడ కామెంట్లో పెట్టండి. స్టెప్నీది మరిచిపోవద్దు, అందరికంటే ముసలిది అదే. వణుకు ఉన్నవాళ్లు ఏ వేగంలో, బ్రేకుతోనా కాదా, చేతికా నడుముకా అని ఒక్క వరుస రాయండి. మొన్న అడిగిన తమ్ముడు కూడా. నీ జవాబు వచ్చాకే నీ కారు గురించి మాట్లాడతాను తమ్ముడూ.